చెయ్యుంది

సెలవు రోజున ఆ కాగితాల గోడౌను, కడుపు నిండా తిని గోడవైపు తిరిగి పడుకున్న మనిషిలా ఉంటుంది. లారీలు రావు. లోడింగు వాళ్ళ కేకలుండవు. గేటు ముందు కాగితపు పొట్టు గాలికి ఇటు దొర్లి, చేసేదేమీ లేక మళ్ళీ అటు దొర్లుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, అన్నం తిన్న చేతి తడి ఆరకముందే, టెస్టరమ్మ పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని గేటు దగ్గరికి వచ్చింది.

ఆమె అసలు పేరు వాళ్ళమ్మకీ బ్యాంకు వాళ్ళకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. కొందరు చెవి వెనక పెన్ను పెట్టుకుంటారు, ఈమె కరెంటు చూసే టెస్టరు పెట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. ఒకప్పుడు ఈ గోడౌన్లోనే బండ్ల బ్యాటరీలకు చార్జింగు పెట్టే పనిలో ఉండేది. ఊరుకోలేని చేతులు. బండి ఆగితే చాలు, విప్పి చూసేది, బిగించేది, చివర్లో మిగిలిపోయిన స్క్రూ ఎక్కడిదా అని తెల్లవార్లూ దొర్లేది. అలా నేర్చుకున్న పనితోనే ఇప్పుడు చిన్న కొట్టు పెట్టుకుంది. కాగితపు రీళ్ళు ఎత్తే క్లాంప్ బండి మొరాయించిందని, వచ్చినవాళ్ళు ఎవరూ దారికి తేలేకపోయారని సూపర్‌వైజరు ఫోన్ చేస్తే, సెలవని కూడా చూడకుండా బయల్దేరింది.

గేటు దగ్గర స్టూలు మీద బావ కూర్చుని ఉన్నాడు. అక్క మొగుడు. ఇదివరకు లోపల పని, ఇప్పుడు గేటు కాపలా.

"ఏమే, సెలవు రోజు కూడా నీ కాలు ఒకచోట నిలవదా?"

"నిలిచే కాలైతే మీ ఇంట్లోనే తిష్ట వేసేదాన్ని బావా. మా అక్క వంట నీకు సగమే దక్కేది."

"ఆ మిగతా సగం కూడా నువ్వే తిను, పుణ్యముంటుంది."

బావ నోరు నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. ఎండ పెళ్ళున కాస్తోంది. బావ కుడిచేతికి ఉన్ని మఫ్లరు చుట్టి ఉంది. ఆ చుట్టు మీద ఇంకో చుట్టు.

ఆ చెయ్యి ఇప్పుడు ఆ ఇంటి గుండెల మీద కుంపటి. కుంపటి అనడమే తప్పు, అందులో వేడంటూ లేదు. ముందు వేళ్ళు చల్లబడ్డాయి. తర్వాత గోళ్ళు నీలంగా మారాయి. తర్వాత ఆ నీలం నలుపై అరచేతిలోకి దిగింది. రక్తం బాగానే ఉంది, నరాలూ బాగానే ఉన్నాయి, చెయ్యి మాత్రం చచ్చిపోతోంది అన్నాడు డాక్టరు. నలుపు మణికట్టు దాటితే తీసెయ్యక తప్పదన్నాడు. ఇవాళ పొద్దున చూడ్డానికి వెళ్తే, అక్క ఆ చేతిని వేడినీళ్ళ గిన్నెలో పెట్టుకుని కూర్చుని, చెల్లెలివైపు చూడకుండా అంది. "నీళ్ళే చల్లబడుతున్నాయే. చెయ్యి వేడెక్కడం లేదు."

నలుపు అప్పటికే మణికట్టు ఎముక దగ్గరికి వచ్చింది.

"లోపలికి రా బావా, లైట్లు ఎక్కడున్నాయో చూపిద్దువు గానీ."

"నీకు తెలియని లైట్లేం కాదు. నేను రాను."

"నొప్పిగా ఉందా?"

"నొప్పుంటే బాగుండేదే." అతను మఫ్లరు కొస సర్దుకున్నాడు. "ఇదిగో. కాయిల్ మార్చారు, పైపులు మార్చారు, అంతమంది చేతులెత్తేశారు. నీ వల్ల కూడా కాలేదని చెప్పి వెళ్ళిపోరాదూ?"

"చూడకుండానే చేతులెత్తెయ్యమంటావా? అది మీ ఇంటి మగాళ్ళకే చెల్లింది."

ఎప్పుడూ మాటకి మాట అనే మనిషి, ఈసారి ఎడమచేత్తో తాళాలు తీసిచ్చి, నేలచూపులు చూశాడు.

*

కాగితం ఎండ తగిలితే పసుపెక్కుతుంది. అందుకని ఆ గోడౌనుకి కిటికీల్లేవు. బయట నిప్పులు కురుస్తున్నా లోపల ఎప్పుడూ ఒకే చీకటి. ఒక వరస లైట్లు వేసింది. మనిషికంటే ఎత్తైన కాగితపు రీళ్ళు, ఒకదాని మీద ఒకటి, కప్పు దాకా స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య సందుల్లోకి వెలుతురు నాలుగడుగులు వెళ్ళి, అక్కడ జంకి ఆగిపోయింది. తడి అట్ట వాసన, జిగురు వాసన, వాటి అడుగున యంత్రాల నూనె వాసన.

ఇంకోటి ఉంది. కాగితం చప్పుడుని తాగేస్తుంది. ఖాళీ గోడౌన్లో కేకేస్తే పది చోట్ల నుంచి తిరిగొస్తుంది కదా, ఇక్కడ అలా ఉండదు. దగ్గితే ఆ దగ్గు నోటి ముందే చచ్చిపోతుంది. మాట్లాడితే, ఎవరో మన పెదాల మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంటుంది. పనిలో ఉన్న రోజుల్లో ఈ నిశ్శబ్దం ఆమెకు అలవాటే. ఇప్పుడు మళ్ళీ కొత్తగా ఉంది.

క్లాంప్ బండి చార్జింగు చోటి పక్కనే ఆగి ఉంది. మామూలు ఫోర్క్‌లిఫ్టుకి ముందు రెండు ఫోర్కులుంటాయి. దీనికి వాటి బదులు రెండు పెద్ద ఇనుప చేతులుంటాయి. రీలుని రెండు పక్కలా కౌగిలించుకుని ఎత్తుతాయి. పొరపాటున మనిషి చెయ్యి మధ్యలో ఉంటే దాన్నీ కౌగిలించుకుంటాయి, వాటికి తేడా తెలియదు.

మనిషి చెయ్యి మధ్యలోకి ఎందుకెళ్తుందంటే, అట్ట కోసం. ఇనుము నేరుగా తగిలితే కాగితం చిరిగిపోతుంది. అందుకని ఒక మనిషి పక్కన నిలబడి, ఇనుప చేతికీ రీలుకీ మధ్య అట్టముక్క దూర్చాలి. డ్రైవరుకేమో రీలు అడ్డం, ఆ మనిషి కనిపించడు. కాబట్టి ఈ బండి నడిపిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. చెయ్యి పెట్టేముందు అట్ట మనిషి "చెయ్యుంది" అనాలి. డ్రైవరు "ఉంది" అనాలి. ఆ మాట అన్నాక పిడుగు పడినా లివరు కదపకూడదు, సీటు దిగకూడదు. చెయ్యి బయటికి తీశాక "తీశా" అనాలి. డ్రైవరు "సరే" అనాలి. అప్పుడే బండి కదలాలి.

"నీ పేరు మర్చిపో, ఇంటికి దారి మర్చిపో. ఈ నాలుగు మాటలూ మర్చిపోకు అమ్మడూ," అనేవాడు పెద్దాయన, బుగ్గలో లవంగం ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తోస్తూ. టెస్టరమ్మ కూడా ఆయన దగ్గర అప్పుడప్పుడూ సీటెక్కి నేర్చుకుంది. ఆ మాటలు ఆమెకు ఎంత నరనరానా పట్టాయంటే, ఒకసారి ఇంట్లో అక్క తలుపు సందులో గుడ్డ కుక్కుతూ "చెయ్యుంది, తలుపెయ్యకండి" అంటే, అన్నం తింటున్న ఈమె నోరు దానంతట అదే "ఉంది" అంది. బావ పొలమారేదాకా నవ్వాడు.

ఆ పెద్దాయన ఈ సీటులోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. అట్ట పెట్టే పని అప్పుడు బావదే. ఆయన పోయిన రోజునుంచే బావ చెయ్యి చల్లబడింది. కళ్ళముందు మనిషి పోతే ఆ దెబ్బ ఒంట్లో ఎక్కడో ఒకచోట తేలుతుందిలే అనుకున్నారంతా. బండి క్లాంపు కూడా ఆ రోజునుంచే పనిచెయ్యడం లేదు. ఈ రెండింటినీ కలిపి ఎవరూ అనుకోలేదు. ఎందుకనుకుంటారు?

*

ఆమె బండిలోకి ఎక్కకుండా, పక్కన నిలబడే తాళం తిప్పింది. చిన్న తెర వెలిగింది. ఎత్తే లివరు నొక్కింది. మోటారు హుమ్మంది, ఇనుప చేతులు పైకి లేచాయి, దిగాయి. వంచే లివరు నొక్కింది. వంగాయి. అంటే బ్యాటరీ బాగుంది, పంపు బాగుంది, నూనె బాగుంది. పొయ్యి వెలుగుతోంది, నీళ్ళు మరుగుతున్నాయి, ఒక్క గిన్నెలో బియ్యం మాత్రం ఉడకడం లేదు.

క్లాంపు లివరు నొక్కింది.

ఏమీ లేదు. మోటారు ఊపిరి కూడా తీసుకోలేదు.

ఇక మిగిలినవి మూడే. నూనెకి దారి తెరిచే వాల్వు. ఆ వాల్వుని తెరిచే కాయిల్. ఆ కాయిల్‌కి కరెంటు పంపే లివరు. కాయిల్ కొత్తది, మీటరు పెట్టి చూసింది, బాగుంది. వాల్వుని చేత్తో నెట్టి చూసింది, వెన్నలా కదిలింది. మళ్ళీ లివరు దగ్గరికి వచ్చి, ఈసారి మెల్లగా, వేలి కొసతో నెట్టింది.

లివరు కొంచెం కదిలి ఆగింది.

ఇరుక్కుపోయిన లివరు ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగుతుంది. ఇది అలా ఆగలేదు. మెత్తగా ఆగింది. అవతలి వైపు నుంచి ఎవరో ఇంకో వేలు అడ్డం పెట్టినట్టు.

ఆమె చెయ్యి తీసేసి లివరు కిందికి టార్చి వేసి చూసింది. దుమ్ము కూడా లేదు.

అప్పుడు చూసింది తెర మీద పచ్చ బొమ్మని. సీటులో మనిషి కూర్చుంటేనే వెలిగే బొమ్మ అది. మనిషి లేకపోతే ఈ బండి ఏ లివరూ కదలనివ్వదు. అందుకే ఒంటరిగా పనిచేసేటప్పుడు సీటు మీద పనిముట్ల సంచి పెట్టుకుంటారు. ఆమె సంచి పెట్టలేదు. సంచి నేల మీద, ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.

మరి ఇందాక ఇనుప చేతులు ఎలా లేచాయి?

సీటు వైరు అతుక్కుపోయి ఉంటుంది, అంతే అనుకుంది. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఆ వైరు ఊడబెరికింది. ఇప్పుడు ఆరిపోవాలి.

పచ్చ బొమ్మ ఆరలేదు.

ఊడిన వైరు చేతిలో పట్టుకుని ఆమె సీటు వంక చూసింది. నల్ల సీటు. నడిమధ్యలో లోతుగా గుంట పడి ఉంది. పాత సీటు కదా, గుంట ఉంటుంది. వేలితో నొక్కితే స్పాంజి లోపలికి వెళ్ళి, పైకి రావాలి. ఆమె నొక్కడానికి చెయ్యి చాపింది. ఎందుకో నొక్కలేదు. చాపిన చెయ్యి అలాగే వెనక్కి తీసుకుంది.

లవంగం వాసన వచ్చింది.

"నీ బుర్ర," అని తనను తానే తిట్టుకుంది. గొంతు కాగితంలో ఇంకిపోయింది.

భయం వేస్తే టెస్టరమ్మకి తెలిసిన మందు ఒకటే, పని. ఇక చూడాల్సింది ముందువైపు పైపులు. ఇనుప చేతుల మధ్య కీలు దగ్గర పైపు చితికితే నూనె అందదు. ముందుకి వెళ్ళి, టార్చి పళ్ళ మధ్య బిగించి, ఆ రెండు చేతుల మధ్యలోకి వంగి, పైపు తడిమి చూడ్డానికి చెయ్యి లోపలికి పెట్టింది. టార్చి పళ్ళ మధ్య ఉన్నా సరే, అలవాటు అలవాటే. నోరు దానంతట అదే అనేసింది.

"చెయ్యుంది."

"ఉంది."

వెంటనే వచ్చింది. మెల్లగా. బండి వెనక నుంచి... సీటు ఎత్తున.

టార్చి కింద పడింది. దొర్లుకుంటూ రీళ్ళ మధ్యకి పోయి ఆగింది. వెలుతురు నేల మీద పాకింది. ఆమె చెయ్యి ఇంకా ఇనుము మధ్యలోనే ఉంది. లాక్కోవాలని తెలుసు. చెయ్యికి చెప్పింది. చెయ్యి వినలేదు.

ఇక్కడ మాట తిరిగిరాదు. కాగితం తాగేస్తుంది. ఇది తన గొంతు కాదు...

ఊపిరి బిగబట్టి చెయ్యి లాక్కుంది. ఎవరికి చెబుతోందో తెలియకుండానే, చెప్పింది.

"తీశా."

"సరే."

ఆ 'సరే' వెనకాల బుగ్గలో ఏదో ఇటునుంచి అటు కదిలిన చిన్న చప్పుడు. ఆమె తలుపు ఎటుందో చూసుకుంది. ఒక్కడుగు వేసింది.

"అమ్మడూ..."

ఆగిపోయింది.

"వాడు... ఇంకా తీయలేదు."

*

గేటు దగ్గరికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. ఎండ మొహాన కొట్టింది. చెవి వెనక టెస్టరు లేదు, ఎక్కడో పడిపోయింది. బావ స్టూలు మీదినుంచి లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూసి ఏమైందని అడగలేదు. దాంతో ఆమెకు ఇంకా భయం వేసింది.

"నీకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"పెద్దాయన పోయిన రోజు... నువ్వు 'తీశా' అన్నావా?"

బావ మంచినీళ్ళ సీసా ఎడమచేత్తో తీసి, మూత తీయలేక మళ్ళీ పెట్టేశాడు.

"అట్ట పెడుతున్నా," అన్నాడు చివరికి. "'చెయ్యుంది' అన్నా. 'ఉంది' అన్నాడు. అంతా మామూలే. అట్ట సర్దుతున్నా. మళ్ళీ 'ఉంది' అన్నాడు."

"మళ్ళీనా?"

"నేను ఒక్కసారే అన్నానే. ముసలాయనకి చెవుడొస్తోంది, అనని మాట వింటున్నాడు అని నవ్వుకున్నా కూడా. తర్వాత చప్పుడు లేదు. చెయ్యి తీసి, అవతలికి వెళ్ళి చూశా. నిటారుగా కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో. కళ్ళు తెరిచే ఉన్నాయి." మింగాడు. "పోయే ప్రాణంతో కూడా లివరు మీద చెయ్యి పడనివ్వలేదే ఆయన. పడి ఉంటే నా చెయ్యి ఆ రోజే పోయేది. అరుచుకుంటూ బయటికి పరిగెత్తా. చచ్చిపోయినాయనకి 'తీశా' అని ఎవడు చెప్తాడు?"

"నువ్వు చెప్పలేదు కాబట్టి ఆయన దిగలేదు బావా."

అతను మఫ్లరు చుట్టిన చేతివైపు చూసుకున్నాడు. ఒంట్లో రక్తమంతా దిగిపోయినట్టు మొహం పాలిపోయింది.

"చెయ్యి బయటే ఉంది కదే," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఆయన లెక్కలో లోపలే ఉంది. అందుకే లివరు పట్టుకుని ఎవరినీ కదపనివ్వడం లేదు. పద. వెళ్ళి చెప్పు."

"నా వల్ల కాదు."

"నలుపు ఎక్కడిదాకా వచ్చిందో చూపించు."

చూపించలేదు.

"మఫ్లరు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా? మా అక్క నీ చెయ్యి గిన్నెలో పెట్టుకుని కూర్చుంటోంది. రేపు ఖాళీ గిన్నె పెట్టుకుని కూర్చోమంటావా దాన్ని?"

బావ కళ్ళు తుడుచుకున్నాడు, ఎడమచేత్తో. లోపలికి నడిచాడు. తలుపు దగ్గర ఒక్కసారి ఆగి, తలతిప్పకుండా గుసగుసగా అడిగాడు.

"అది పెద్దాయనే అని నీకెలా తెలుసే?"

ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "లవంగం వాసన," అంది.

*

పచ్చ బొమ్మ వెలుగుతూనే ఉంది. ఊడిన వైరు వేలాడుతూనే ఉంది.

బావ ఇనుప చేతుల ముందు నిలబడ్డాడు. పళ్ళతో మఫ్లరు ముడి విప్పాడు. ఆ చెయ్యిని ఆమె బయట వెలుతురులో చాలాసార్లు చూసింది. ఇక్కడ, ఈ చీకట్లో, అది అతని చెయ్యిలా లేదు. ఎవరో అతనికి అప్పిచ్చిన చెయ్యిలా ఉంది.

"ఊరికే నోటితో అంటే చాలదా?"

"పెట్టకుండా తీశానంటే అబద్ధం అవుతుంది. ఆయన దగ్గర అబద్ధాలు చెల్లవు. పెట్టు."

పెట్టాడు.

పెట్టగానే మోటారు హుమ్మంది.

లివరు ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ... బండి లోపలెక్కడో నూనె కదిలిన చప్పుడు. పైపులు ఉబ్బాయి. బావ నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. గాలే వచ్చింది.

"బావా. చెప్పు."

"రావట్లేదే... చెయ్యి రావట్లేదు."

"మధ్యలో ఏమీ లేదు బావా. లాగు."

"ఎవరో పట్టుకున్నారు."

మెల్లగా, ఏడుపు లేకుండా అన్నాడు ఆ మాట. ఆమె వెళ్ళి అతని నడుం పట్టుకుంది. ఒక్క ఊపున వెనక్కి గుంజింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. పడుతూనే బావ అరిచాడు.

"తీశా. తీశాను పెద్దాయనా... తీశా."

మోటారు ఆగింది.

కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఇద్దరికీ ఎన్నేళ్ళు గడిచాయో.

"సరే."

అలసిపోయిన మనిషి పని అయిపోయాక అనే 'సరే' అది. సీటు స్పాంజి మెల్లగా, నిట్టూర్చినట్టు, పైకి లేచింది. గుంట పూడిపోయింది. పచ్చ బొమ్మ ఆరిపోయింది. లవంగం వాసన కొంచెం కొంచెంగా తలుపువైపు వెళ్ళి, పోయింది.

బావ చెయ్యి పట్టుకుని మూలిగాడు. "మండుతోందే. అమ్మా... నిప్పుల్లో పెట్టినట్టుందే." మూలుగుతూనే నవ్వుతున్నాడు. ఆమె టార్చి తెచ్చి వేసింది. గోళ్ళ కింద ఎరుపు. నలుపు నీళ్ళలో సిరాలా విడిపోతోంది. పట్టుకుంటే వేడి. మామూలు మనిషి చేతి వేడి.

"పరిగెత్తు. అక్కకి ఫోన్ చెయ్యి."

"నువ్వు?"

"వైరు బిగించి, ఒకసారి నడిపి చూసి వస్తా. మళ్ళీ ఎవడు వస్తాడు ఈ కొంపకి?"

బావ లేడిపిల్లలా బయటికి పరిగెత్తాడు. గేటు దగ్గర నుంచి అతని గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏమేవ్, వింటున్నావా, చెయ్యి మండుతోందే..." ఆ ఇంట్లో మంట అనే మాటకి అంత సంబరం ఎప్పుడూ పడి ఉండరు.

*

ఆమె కూడా నవ్వుకుంటూనే సీటు వైరు తగిలించింది. ఎక్కి కూర్చుంది. పచ్చ బొమ్మ వెలిగింది, వెలగాల్సినట్టే. క్లాంపు లివరు నొక్కింది. ఏ వేలూ అడ్డం రాలేదు. ఇనుప చేతులు వెడల్పుగా తెరుచుకున్నాయి. నొక్కింది. మూసుకోసాగాయి. ఇంత చక్కగా నడిచే బండిని ఇన్నాళ్ళూ ఎంతమంది తిట్టారో అనుకుంది.

ఖాళీగా మూస్తే ఆ రెండు చేతులూ ఒకదానికొకటి తగిలి ఠప్పుమనాలి.

అనలేదు. ఆగిపోయాయి.

మధ్యలో సందు ఉంది. నూనె ఒత్తిడి చూపించే ముల్లు పైకి ఎగబాకింది, దేన్నో గట్టిగా పట్టుకున్నప్పుడు ఎగబాకినట్టు. మెడ చాచి చూసింది. సందులో ఏమీ లేదు. దాని వెనకున్న రీలు కనిపిస్తోంది. సందు ఎంతుందంటే... మణికట్టు మందం ఉంది.

తెరిచింది. మూసింది. అక్కడే ఆగాయి. ముల్లు మళ్ళీ లేచింది.

బయట బావ నవ్వు వినిపించింది. ఇక్కడ లైట్ల వరస చివర్లో ఒకటి టకటకమని ఆరి వెలిగింది. లవంగం వాసన లేదు. ఇంకేదో ఉంది. తడిసి, చాలాకాలం మూతపెట్టిన కాగితం వాసన.

"చెయ్యుంది."

ఇనుప చేతుల మధ్య నుంచి వచ్చింది. నేలకి దగ్గరగా. మగ గొంతో ఆడ గొంతో తెలియదు. నొప్పి లేదు అందులో. తొందర కూడా లేదు. పద్ధతి ప్రకారం, అనాల్సిన మాట అన్నట్టుగా...

"ఉంది," అంది ఆమె నోరు.

అనేశాక వినిపించింది, తను అన్నది తనకే.

రెండు అరచేతులతో నోరు మూసుకుంది. బావ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను ఒక్కసారే అన్నానే. ఆయన రెండుసార్లు 'ఉంది' అన్నాడు.

మరి రెండోది ఎవరితో అన్నాడు?

లివరు నొక్కింది, తెరవడానికి. కదల్లేదు. రెండు చేతులతో నొక్కింది. కదల్లేదు. కళ్ళు ఆ సందు మీదినుంచి తిప్పలేక, పెదాలు కూడా కదపకుండా బతిమాలింది. "తియ్యి... తీసెయ్యి... తీశానని ఒక్కమాట అను..."

ఎదురు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు.

"ఏమే, అయిందా లేదా? మీ అక్క ఏడుస్తోంది, సంతోషం పట్టలేక. రా, ఇంటికి పోదాం." తలుపు దగ్గర వెలుతురులో బావ కుడిచెయ్యి ఎత్తి ఊపుతున్నాడు.

'ఉంది' అన్నాక సీటు దిగకూడదని తెలిసీ ఆమె దిగింది. తాళం తీసి జేబులో వేసుకుంది. తెర చీకటైపోయింది, పచ్చ బొమ్మ ఒక్కటి మాత్రం వెలుగుతూనే ఉంది. సీటులో, ఇందాక పూడిపోయిన చోట, మళ్ళీ గుంట ఉంది. ఈసారిది అంత పెద్దది కాదు. తన ఒళ్ళంత ఉంది.

తలుపు వేసి తాళం పెట్టారు. బావ ఆగకుండా మాట్లాడుతున్నాడు, ఎండలో చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, గోరు మీద గోరు కొట్టి చూసుకుంటూ. గేటు దాటారు. రోడ్డు మీద జనం, హారన్లు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆమె పక్కనే నడుస్తోంది. నడుస్తున్నా కూర్చున్నట్టే ఉంది. నడుము కింద చల్లగా ఉంది.

మలుపు తిరుగుతుండగా ఆమె నోరు తెరుచుకుంది.

"ఉంది."

బావ ఆగాడు. "ఏంటి?"

"ఏమీ లేదు."

"ఎవరితో అన్నావు?"

ఆమె ఏదో చెప్పబోయింది. అతను కూడా వినడానికి మొహం దగ్గరికి తెచ్చాడు. అప్పుడు అతని కొత్త రంగు తిరిగిన మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోవడం ఆమె చూసింది. ఆమె పెదాలు మూసే ఉన్నాయి. గట్టిగా, పళ్ళు బిగించి మరీ మూసుకుంది.

అయినా అతను అడిగాడు. "మళ్ళీ 'ఉంది' అని ఎందుకంటున్నావే?"